కొల్లేటి పక్షుల రాకపోకలు



కృష్ణా గోదావరుల నడుమనున్న మన పల్లెలలో పంచాంగము చూడకయే ఋతువును చెప్పగలవారు ఒకప్పుడు ప్రతి ఊరను ఉండిరి. ఆకాశమున పరజల బారు ఉత్తరమునుండి దక్షిణమునకు సాగినచో కార్తికము దగ్గరపడినదనియు, ఆ బారే ఎదురుదారి పట్టినచో ఉగాది వచ్చుచున్నదనియు వారు చెప్పెడివారు. రాకను గుర్తించినవారు పలువురు. పోకను గుర్తించినవారు కొలదిమంది. వచ్చునపుడు పక్షులు పండిన వరిచేలపై వ్రాలును గనుక రైతునకు తెలియక తప్పదు. పోవునపుడు అవి పెక్కు రాత్రివేళ లేచి పోవును. నిన్నటి సాయంకాలము కలకలలాడిన మడుగు నేటి ఉదయమునకు బోసిపోయి కనబడును. ఈ పోకనుగూర్చియు, అంతకంటె ముఖ్యముగ, పోయినవి మరల వచ్చుటకు ఈ దేశమున తావు ఎట్లు ఏర్పడెనో, ఎట్లు చెడెనో ఆ చరిత్రనుగూర్చియు చెప్పదలచితిని.

కొల్లేరు ఒకరు త్రవ్వించిన చెరువు కాదు. కట్ట కట్టి నిలిపిన జలాశయమును కాదు. రెండు మహానదులు వేలయేండ్లుగ తెచ్చిన ఒండ్రుమట్టి ఇరుప్రక్కల మేటవేసి నేలను ఎత్తుచేయగా, నడుమ మిగిలిన పల్లమే కొల్లేరు. మైలవరపు కొండలనుండి బెజవాడ మీదుగ వచ్చు బుడమేరును, తమ్మిలేరు, రామిలేరు మొదలగు వాగులును అందులో పడును. పడిన నీరు ఉప్పుటేటి ద్వారమున బంగాళాఖాతమును చేరును. వానకాలమున కొల్లేరు విస్తరించును. మాఘ ఫాల్గుణములలో చిక్కిపోవును. ఆ చిక్కిపోవుటయే పక్షులకు పండుగ. నీరు తీసిన బురదలో పురుగు, నత్త, తుంగగడ్డ, చిరుచేప బయటపడును. దూరప్రయాణము చేయబోవు పక్షికి క్రొవ్వు పట్టవలెనన్నచో ఇట్టి చోటే కావలెను.

ఈ సరస్సు మన చరిత్రలో క్రొత్తగా కనబడినది కాదు. 634లో చెక్కబడిన ఐహొళె శాసనమున రెండవ పులకేశి పిష్టపురమును, అనగా నేటి పిఠాపురమును, గెలిచిన పిమ్మట కునాళమను నీటిచెంత జరిగిన యుద్ధము చెప్పబడినది. చచ్చినవారి రక్తముచే ఆ నీరు రంగు మారినదట. ఆ కునాళమే కొల్లేరని పలువురు పండితుల నిర్ణయము. దండి వ్రాసిన దశకుమారచరిత్రలో మంత్రగుప్తుని కథ యున్నది. పెదవి గాయపడిన ఆ కుమారుడు ఓష్ఠ్యాక్షరములు లేకుండ కథనంతయు చెప్పును. ఆ కథలో ఆంధ్రనగరమునకు అనతిదూరమున సముద్రమువంటి సరస్సొకటి వచ్చును. దానిలో కలహంసలు తామరలను చీల్చుచుండెను. సారసములు బారులుదీరి యుండెను. అది కొల్లేరేయని చెప్పిన చరిత్రకారులున్నారు. కవి సరస్సు పేరు చెప్పలేదు గనుక నేను పట్టుపట్టను. అయినను ఆంధ్రదేశమున పెద్దసరస్సు అనగానే కవికి ముందుగ పక్షులే తోచుట గమనింపదగినది.

ఇక ఈ పక్షులు ఎక్కడికి పోవును? మేఘదూతమున కాళిదాసు రాజహంసలను మానససరోవరమునకు పంపెను. ఇది కేవలము కవికల్పన కాదు. తలపై రెండు నల్లని పట్టెలుగల బాతుజాతి యొకటి దక్షిణదేశపు చెరువులలో చలికాలము గడపి, వసంతమున హిమాలయములను దాటి టిబెట్టు మొదలగు దేశముల సరస్సుల యొడ్డున గ్రుడ్లు పెట్టును. అది 7000 మీటర్లకు మించిన ఎత్తున ఎగిరినట్లు ఈ శతాబ్దమున యంత్రములు కట్టి కనుగొనిరి. పాశ్చాత్యులకు ఈ జ్ఞానము చాలకాలము లేదు. చలికాలమున కొన్ని పక్షులు ఎచ్చటనో దాగి నిద్రించునని అరిస్టాటిలు వ్రాసెను. ఆ నమ్మకము రెండువేల యేండ్లు నిలిచెను. 1822లో జర్మనీదేశపు క్లూట్జ్ అను ఊరిచెంత ఒక తెల్లకొంగను కాల్చి పడగొట్టిరి. దాని మెడలో ఒక ఈటె గ్రుచ్చుకొని యుండెను. ఆ ఈటె ఆఫ్రికాదేశస్థులది! మెడలో ఈటెతో అది ఖండమునుండి ఖండమునకు ఎగిరి వచ్చినది. వంద గ్రంథములు చేయలేని పనిని ఆ ఒక్క కొంగ చేసెను. ఇప్పటికిని దానిని రోస్టాక్ విశ్వవిద్యాలయమున పదిలపరచి యుంచినారు.

ఈటె అదృష్టవశమున దొరకిన సాక్ష్యము. 1899లో డెన్మార్కు దేశపు బడిపంతులు మార్టెన్సెన్ పక్షుల కాలికి అంకెలు వేసిన అల్యూమినియపు కడియములు తొడుగుట ప్రారంభించెను. 1883లో స్థాపితమైన బొంబాయి ప్రకృతిచరిత్ర సంఘమువారు సలీం ఆలీ నాయకత్వమున 1960 తరువాతి యేండ్లలో భరతపురము మొదలగు చోట్ల వేలకొలది పక్షులకు కడియములు వేసిరి. ఆ కడియములు కొన్ని సైబీరియాలో దొరకెను. నేడు కడియమునకు బదులు ఆకాశమున తిరుగు ఉపగ్రహములకు సంకేతము పంపు చిన్నయంత్రమును వీపున కట్టుచున్నారు. 2022లో అలాస్కానుండి బయలుదేరిన గాడ్విట్ అను బురదపిట్ట, అయిదు నెలల పిల్ల, ఎక్కడను వ్రాలక, తినక, త్రాగక 11 దినములలో 13,560 కిలోమీటర్లు ఎగిరి టాస్మేనియా చేరెను. మన కొల్లేటి బురదలో ముక్కు గ్రుచ్చి తిరుగు ఉల్లంకులును ఆ వర్గపు పక్షులే.

పయనపు వేళను వానికి ఎవరు చెప్పుదురు? పగలు చెప్పును. 1920 తరువాతి యేండ్లలో కెనడాదేశమున రోవన్ అను శాస్త్రజ్ఞుడు కటికచలిలో పక్షులను పంజరములందుంచి, సాయంకాలములందు దీపములు వెలిగించి పగటిని పొడిగించెను. నడిచలికాలమున వాని శరీరములో వసంతపు మార్పులు కలిగెను. చలికి వేడికి కాదు, ప్రొద్దు పొడవునకు పక్షి లోబడును. అందువలననే మన యూర ఎండ ముదిరినను ముదరకపోయినను అవి ఇంచుమించు అదే పక్షమున లేచి పోవును.

వచ్చిన అతిథులందఱును రైతునకు ఇష్టులు కారు. గులాబివన్నె మేను, నల్లని తల గల పలిసపిట్టలు జొన్నచేలపై మబ్బువలె వ్రాలును. మన తాతలు మంచెలెక్కి ఒడిసెలలతో వానిని తోలిరి. ఫాల్గుణమున బూరుగుపూలలో తేనె త్రాగి అవి మధ్యాసియాకు పోవును. అక్కడ వాని ఆహారము మిడతలు. చైనాలోని షిన్ జియాంగ్ ప్రాంతమున మిడతల బాధ తప్పించుకొనుటకై ఈ పిట్టలకు గూళ్లు కట్టి పిలుచుచున్నారు. ఒక ఊరిలో దొంగగ తోలబడినది మరియొక దేశమున కావలివాడైనది! దీనిని విన్నంత మాత్రమున జొన్నచేను పోగొట్టుకొన్నవాని మనసు చల్లబడునని నేననను.

ఇప్పుడు నీటికథకు వచ్చెదను. 1832-33 నాటి గుంటూరు కరవును మన పెద్దలు డొక్కలకరవని చెప్పుకొనిరి. ఆ తరువాతి తరమున కాటను పథకముచొప్పున కెప్టెన్ ఆర్ బెజవాడచెంత కృష్ణకు ఆనకట్ట కట్టెను. 1852లో మొదలై 1855లో ముగిసెను. ధవళేశ్వరపు ఆనకట్ట అంతకుముందే గోదావరిపై వెలసెను. 1957లో పూర్తియైన ప్రకాశము బారేజి ఆ పాత ఆనకట్టకు వారసురాలు. కాలువలు మనుష్యుల కరవును తీర్చెను. పక్షులకును క్రొత్త మేతభూములు తెచ్చెను. తడి వరిమళ్లు, మురుగుకోడ్లు, కాలువగట్లపై తుమ్మలు, ఇన్ని చోట్ల కొంగ నిలువగలిగెను. పొలముల మురుగుమాత్రము కొల్లేరునకే పోయెను. మేలు, కీడు ఒక్క కాలువలోనే ప్రవహించెనని చెప్పిన అతిశయోక్తి కాదు.

ఈ కాలమున మన పక్షులను గ్రంథస్థము చేసినవారిలో ముఖ్యుడు జెర్డన్ అను కంపెనీ వైద్యుడు. ఆయన నెల్లూరున పనిచేసెను. 1862-64లో వెలువడిన ఆయన పక్షిగ్రంథమున ఇతర దేశభాషల పేళ్లతోపాటు తెలుగు పేళ్లును వ్రాసియుంచెను. వేటకాండ్రు, జాలరులు చెప్పనిదే ఆ పేళ్లు ఆయనకు రావుగదా! ఆ గ్రంథములో కర్ణాటకప్రాంతమున తాను చూచిన ఒక గూడబాతుల స్థావరముగూర్చి చెప్పెను. అవి ఊరి నడుమ, పొట్టి చెట్లపై, తరతరములుగ గూళ్లు కట్టుచుండెనట, మనుష్యులను లెక్కచేయకుండెనట.

గూడబాతు సైబీరియానుండి వచ్చు పక్షి కాదు. మన దేశముననే నీటివెంట తిరుగుచు, కార్తికము తరువాత గూడు కట్టి, చైత్రమునాటికి పిల్లలతో చెదరిపోవును. దాని ముక్కుక్రింది సంచి పొలమునకు నీరు తోడు గూడవలె నుండును; పేరు దానివలననే వచ్చియుండునని నా ఊహ. 1946లో కె.కె. నీలకంఠన్ అను మలయాళదేశీయుడు పశ్చిమగోదావరి జిల్లాలోని ఆరేడు గ్రామమున వీని పెద్దస్థావరమును కనుగొని, 1949లో బొంబాయి సంఘపు పత్రికలో ప్రకటించెను. ఆయనయే తరువాత ఇందుచూడన్ అను పేర కేరళపక్షులపై పుస్తకము వ్రాసి ప్రసిద్ధుడయ్యెను. కొల్లేటిపై బ్రతుకు ఆ స్థావరమున సుమారు 3000 గూడబాతులు గూళ్లు కట్టుచుండెను. కనుగొన్నది మనము అనుకొందుము. ఊరివారికి అది ఎన్నడును తెలియనిది కాదు.

1975 ప్రాంతమున ఆ స్థావరము లేకుండపోయెను. ఇట్టిది మరియొక చోటను జరిగియున్నది. మన తెలుగువారు కూలికిని, వర్తకమునకును రంగూను పోవుచుండిన కాలమున, బర్మాలోని సిట్టాంగ్ నదీమైదానమున గూడబాతులు లెక్కకు మించి గూళ్లు కట్టెడివి. 1877లో ఓట్సు అను ఆయన వానిని చూచి వ్రాసెను. 1929లోను అవి యుండెను. తరువాతి రెండు దశాబ్దములలో అంత పెద్దస్థావరము మాయమయ్యెను. పక్షి ఒక్కటొక్కటిగ తగ్గునని మనము తలంతుము. స్థావరము చెడినచో ఒక్కపెట్టున పోవును.

కొల్లేటిలో జరిగినదేమి? 1970 తరువాత ప్రభుత్వము లంకగ్రామముల జాలరులకు సహకారసంఘములు పెట్టించి చేపలచెరువులు త్రవ్వించెను. ఉద్దేశము మంచిదే. పిమ్మట లాభమును చూచి ధనవంతులు దిగిరి. చెరువులు జాలరుల చేతినుండి కౌలునకు పోయెను. గట్లు సరస్సు నడుమకు ప్రాకెను. చేపలచెరువులోను నీరున్నదిగదా, పక్షికి లోపమేమని అడుగువారున్నారు. ఆ నీరు లోతైనది, ఏటవాలుగట్టు, కొంగ కాలు నిలువదు. తుంగలేదు, బాతునకు మేతలేదు. ఫాల్గుణమున చిక్కి బురద చూపు నీరు కాదది. గూడబాతు వచ్చి వ్రాలిన యజమాని టపాకాయ కాల్చి తోలును. తన చేప తనది గనుక అతనిని తప్పుపట్టజాలను.

1999లో అయిదడుగుల మట్టమువరకు 308 చదరపు కిలోమీటర్ల కొల్లేరు అభయారణ్యముగ ప్రకటింపబడెను. 2002లో రామ్సారు ఒప్పందపు పట్టికలో దాని పేరు చేరెను. 2006లో యంత్రములు తెచ్చి గట్లను తెగగొట్టిరి. గట్లు తెగినపుడు నీటితోపాటు చిన్నవారి కూడును పోయెను. పెద్దవారు తట్టుకొనిరి, లంకలవారు తట్టుకొనలేకపోయిరి. 2008లో శాసనసభ మట్టమును మూడడుగులకు తగ్గింపుమని తీర్మానించెను. 2010లో కేంద్రము నియమించిన అజీజు సంఘము అయిదడుగులనే నిలుపవలెననెను. నా మట్టుకు సంఘము మాటయే సమంజసముగ తోచును; అయితే లంకలవారికి బ్రతుకుదారి చూపని మట్టము కాగితముపై గీతగనే మిగులును. పక్షుల సంగతి అట్లుంచినను, వాగులన్నిటి వెల్లువను ముందుగ మ్రింగవలసినది కొల్లేరే. 2024 సెప్టెంబరు మొదట బుడమేరు పొంగి విజయవాడ వీథులలో ఏమి చేసెనో మీరెఱుగుదురు.

ఊరు తలచుకొన్న పక్షి నిలుచుననుటకు సాక్ష్యము దూరమున వెదకనక్కరలేదు. చెంగల్పట్టుసీమలో వేడంతాంగలు గ్రామస్థులు తమ చెరువుపక్షులను తెల్లసిపాయిలు కాల్చుచుండగా కలెక్టరు ప్లేసుతో మొఱపెట్టుకొని 1798లోనే కౌలు వ్రాయించుకొనిరి. పక్షిరెట్ట కలిసిన చెరువునీరు వారి మళ్లకు ఎరువు. లాభమును, దయను వారు వేరుచేసి చూడలేదు. గుంటూరుచెంత ఉప్పలపాడున ఊరి చిన్నచెరువులోని చెట్లపై గూడబాతులును, ఎఱ్ఱకాళ్లకొంగలును గూళ్లు కట్టుచున్నవి. ఊరివారు కొట్టరు, కొట్టనీయరు. నాగాలాండులోని పాంగ్టి గ్రామమున 2012లో వలలు పన్ని వేలకొలది అమూరు డేగలను చంపిరి. మరుసటియేడు ఊరిపెద్దలు కూడి ఆ వేటను మాన్పించిరి. ఆ యేడు యంత్రము కట్టి వదలిన డేగలు మన ఆంధ్రదేశము మీదుగనే సముద్రము దాటి ఆఫ్రికాకు పోయెను.

పక్షులు పోవు ఈ నెలలలోనే మన తీరమునకు వేరు అతిథులు వత్తురు. కృష్ణ సముద్రమున కలియు హంసలదీవి ప్రాంతపు ఇసుకలో సముద్రపుతాబేళ్లు రాత్రివేళ గ్రుడ్లు పెట్టిపోవును. అచ్చటి మడ అడవులలో చేపలుపట్టి తిను బావురుపిల్లి తిరుగును. దాని జాడ తెల్లవారి బురదలో మాత్రమే కనబడును.

గూడబాతులు కొల్లేటికి మరల వచ్చినవి. కైకలూరుచెంత ఆటపాకలో గూటికి చెట్లు చాలక, అటవీశాఖవారు నీటిలో ఇనుపమంచెలు నిలిపిరి. పక్షులు వానిని అంగీకరించినవి. ఫాల్గుణమాసమున కొల్లేటికోట పెద్దింట్లమ్మ తిరునాళ్లకు పోవువారు ఒకపూట ముందుగ బయలుదేరి ఆటపాకలో పడవ ఎక్కినచో, ఆ మంచెలపై తల్లి గొంతుసంచిలో తల దూర్చి చేప తిను పిల్లలను చూడవచ్చును. మనుమలను వెంటబెట్టుకొని పొండు. చైత్రము వచ్చినచో ఆ పిల్లలు రెక్కలు నేర్చి ఎగిరిపోవును.