గాజుతొట్టిలో నత్తమ్మ

మా అబ్బాయి పుట్టినరోజుకి మావారు చేపలతొట్టి కొనుక్కొచ్చారు. రెండు బంగారు చేపలు, నాలుగు పచ్చటి మొక్కలు. నెల తిరక్కుండానే ఆకుల మీద పాచి పట్టింది. నూతిగట్టు మీద పాచి చూస్తేనే ఊరుకోలేని చేతులాయె నావి! పాత టూత్‌బ్రష్షు తీసుకుని ఒక్కొక్క ఆకూ తోమాను. పాచి సంగతలా ఉంచి, ఆకులే ఊడొచ్చాయి. "నా మొక్కల్ని చంపేశావమ్మా" అని మావాడు రెండ్రోజులు నాతో మాట్లాడలేదు.

ఆ దిగుల్లో పుస్తకాలు తిరగేస్తే తెలిసింది. ఈ అవస్థ నూటడెబ్బయ్యేళ్ళ కిందటే లండన్‌లో ఓ పెద్దమనిషి పడ్డాడట! పేరు రాబర్ట్ వారింగ్టన్. అపాథెకరీస్ హాల్ అనే మందుల సంస్థలో రసాయన శాస్త్రజ్ఞుడు. చేపలు విడిచే బొగ్గుపులుసు వాయువు మొక్కలకి, మొక్కలిచ్చే ప్రాణవాయువు చేపలకి సరిపోతే, నీళ్ళు మార్చే పనే ఉండదు కదా అని ఆయన లెక్క. సుమారు 12 గాలన్లు పట్టే గాజుపాత్రలో ఇసుకా, మట్టీ, రాళ్ళూ వేసి, రిబ్బన్లలాంటి ఆకులుండే వాలిస్నేరియా మొక్క నాటి, రెండు చిన్న బంగారు చేపల్ని వదిలాడు.

కొన్నాళ్ళు బాగానే సాగింది. తరవాత ముదురాకులు కుళ్ళి నీళ్ళు మసకబారాయి. గాజుగోడల నిండా, నీళ్ళపైనా పచ్చటి పాచి! అలాగే వదిలేస్తే చేపల ప్రాణాలకే ముప్పు. లెక్క సరిగానే ఉంది, మరి లోపమెక్కడ?

ఆయన నాలా బ్రష్షు పట్టుకోలేదు. చెరువుల్లో, కాలవల్లో నీటిమొక్కల దగ్గరే కాపురముండే నత్తల్ని అయిదారింటిని తెచ్చి వదిలాడు. అవి కుళ్ళినాకుల్నీ పాచినీ తినేసి నీళ్ళు తేటపరిచాయి. పైగా అవి పెట్టిన గుడ్లు చేపలకి మేత! ఈ సంగతంతా 1850లో కెమికల్ సొసైటీ పత్రికకి రాశాడు. 1853లో లండన్ జంతు ప్రదర్శనశాలలో మత్స్యశాల తెరిచారు. ఇళ్ళల్లో గాజుతొట్టెల సరదా ఊపందుకుంది.

మేమూ రెండు నత్తల్ని తెచ్చాం. అయితే నత్త ఒక్కటే చాలదు సుమండీ! ఎండ నేరుగా పడినా, మేత ఎక్కువైనా పాచికి పండగే. అందుకని తొట్టిని కిటికీ దగ్గర్నుంచి జరిపాను. మేతడబ్బా నా చేతిలోకి తీసుకున్నాను. పాచి దట్టంగా పట్టిన ముదురాకుల్ని కత్తిరించేశాను. వారానికోసారి కొన్ని నీళ్ళు తీసి కొత్తవి పోస్తున్నాను.

మొన్న మావాడే, "అమ్మా, కొత్తాకు!" అని కేకేశాడు. వెళ్ళి చూస్తే ఆ పక్కాకు మీద చిన్న పాచిమరక. చేతులు ఊరుకుంటాయా? బలవంతాన ఆపుకున్నాను. దాని సంగతి నత్తమ్మ చూసుకుంటుంది లెండి.