అంగుళం గళ్లు, మిల్లీమీటరు గళ్లు

గ్రాఫు షీట్లు కొనడానికి వెళ్తే నాన్న ముందు జేబులోంచి స్టీలు స్కేలు తీసేవాడు. షీటు ఈ చివరి నుంచి ఆ చివరికి ఆనించి, గీతలు కొలతకు సరిగ్గా పడ్డాయో లేదో చూశాకే డబ్బులిచ్చేవాడు. నాగార్జున సాగర్ ఎడమ కాలువ సర్వేలో డ్రాఫ్ట్స్‌మన్ ఆయన. తర్వాత నేనూ అదే శాఖలో ఇంజనీరుగా చేరాను.

అచ్చేసిన గళ్ల కాగితానికి ఇంగ్లండులో డాక్టర్ బక్స్‌టన్ అనే ఆయన 1790లలో పేటెంటు తీసుకున్నాడు. మేఘాలకు పేర్లు పెట్టిన లూక్ హోవార్డ్ 1800లో తన బారోమీటరు లెక్కల్ని అలాంటి కాగితం మీదే గీసి చూపాడు. బడిపిల్లలకూ ఈ కాగితం కావాలని ఇంజనీరు జాన్ పెర్రీ 1901లో గ్లాస్గోలో గట్టిగా వాదించాడు. నాన్నకు ఈ పేర్లేవీ తెలియవు. ఏ షీటు ఏ పనికి ఆగుతుందో మాత్రం ఆయనకు బాగా తెలుసు.

ఆయన మొదట వాడినవి అంగుళం షీట్లు, అంగుళానికి పది గళ్లవి. ఎనిమిది గళ్లవి ఇస్తే వెనక్కి ఇచ్చేసేవాడు. లెవెలింగు స్టాఫు మీద అడుగుకు పన్నెండు అంగుళాలుండవు. పది భాగాలు, ఒక్కోదానిలో మళ్లీ పది. ఇంజనీరు గొలుసు నూరడుగులు, నూరు లింకులు. అందుకే షీటూ పదుల్లోనే ఉండాలి. కాలువ పొడవు వెంట అంగుళానికి నూరడుగులు, ఎత్తుకు అంగుళానికి పదడుగులు. అలా ఎత్తును పది రెట్లు సాగదీయకపోతే నేల ఎత్తుపల్లాలు కంటికి ఆనవు. అడ్డుకోతకు మాత్రం రెండువైపులా అంగుళానికి పదడుగులే. అప్పుడు చిన్న గడి అంటే సరిగ్గా ఒక చదరపు అడుగు. గీతల మధ్య గళ్లు లెక్కపెట్టాలి, సగం దాటితే ఒకటి, దాటకపోతే వదిలెయ్యాలి. రెండు కోతల సగటును మధ్య దూరంతో గుణిస్తే తవ్విన మట్టి. తట్టలు మోసినవాళ్ల కూలి ఆ గళ్ల మీద ఆధారపడింది కాబట్టి నాన్న ప్రతి కోతా రెండుసార్లు లెక్కపెట్టేవాడు.

వానాకాలం కాగితం సాగుతుంది, ఎండలకు ముడుచుకుంటుంది. గీశాక షీటు మీద స్కేలు పెట్టొద్దనేవాడు. గీతతోపాటే గడీ సాగుతుంది, ముడుచుకుంటుంది కాబట్టి గళ్లనే నమ్మమనేవాడు. నేను కొత్తలో స్కేలుతో కొలిచి ఒక గట్టు కొలతలన్నీ తప్పు రాశాను. మర్నాడు నాన్న పక్కన కూర్చోబెట్టుకుని గళ్లు లెక్కపెట్టించాడు.

1956లో మెట్రిక్ చట్టం వచ్చింది. మరుసటి ఏప్రిల్లో నయాపైసలొచ్చాయి. ఆఫీసు కాగితం మారడానికి ఇంకా టైము పట్టింది. నేను చేరేనాటికి అన్నీ మిల్లీమీటరు షీట్లే. నూరో వంతు స్కేలులో ఒక చదరపు సెంటీమీటరు ఒక చదరపు మీటరు, లెక్క హాయిగా ఉండేది.

నీళ్లు మాత్రం అడుగుల్లోనే ఉండిపోయాయి. సాగర్ నిండితే 590 అడుగులంటాం, 179.83 మీటర్లని ఏ రైతూ అనడు. భద్రాచలం దగ్గర గోదావరి ప్రమాద హెచ్చరికలు 43, 48, 53 అడుగులు.

అందుకే వరద గీయడానికి నేనిప్పటికీ నాన్న పెట్టెలో మిగిలిన అంగుళం షీట్లే తీస్తాను. వాటిలో ఒకదానికి పైన ముక్క అతికించి ఉంటుంది. 70 అడుగుల దగ్గర షీటు అయిపోతే, 1986 ఆగస్టులో 75.6 చుక్క పెట్టడానికి నాన్న అతికించిన ముక్క అది. 2022 జులైలో నేను పెట్టిన 71.3 చుక్క కూడా ఆ అతుకు మీదే పడింది.