అరుగు మీది మాటలు – అంగడివాడి చెవులు

చాలా రోజుల తరువాత ఈ గూటికి వచ్చాను. ఈసారి పద్యం గురించి కాదు, వర్తకం గురించి రాయబోతున్నాను. తెలుగు పంతులుకు బేరసారాలతో పనేమిటని నవ్వుకునేవారు నవ్వుకోండి. కారణం చెప్తాను.

నెల క్రితం నా పూర్వ విద్యార్థి ఒకడు ఇంటికి వచ్చాడు. గణవిభజన చేయమంటే బల్ల కింద లెక్కలు చేసుకునే రకం. ఇప్పుడు హైదరాబాదులో ఇద్దరు స్నేహితులతో కలిసి చిన్న సంస్థ పెట్టాడు. చిన్న ప్రైవేటు బడులలో ఫీజుల పద్దు, హాజరు పట్టీ చూసే సాఫ్ట్‌వేరు వారి సరుకు. సరుకు సిద్ధమయింది గాని గిరాకీ లేదు. ప్రకటనలకు డబ్బు లేదు. అప్పుడు వాడికొక ఉపాయం తోచింది. బడులు నడిపేవారు, ఉపాధ్యాయులు అంతర్జాలంలో కష్టసుఖాలు చెప్పుకునే చోట్లను కనిపెట్టి, "బకాయిల లెక్క తేలడం లేదు" అని ఎవరు వాపోతే అక్కడ వాలడం. ఉపాయం పారింది. మూడు బడులు సరుకు కొన్నాయి.

అయితే వాడు వచ్చింది మిఠాయి పంచడానికి కాదు. ఆ సంభాషణలలో వాడు తానెవరో చెప్పలేదు. ఒక బడిలో లెక్కల మాస్టారునని చెప్పుకొని, "మా బడిలో ఇదే వాడుతున్నాం, చాలా బాగుంది" అని రాశాడు. ఆ మాట నమ్మి కొన్న ఒక ప్రధానోపాధ్యాయురాలు, "మీది ఏ బడి బాబూ? ఒకసారి వచ్చి చూసి వెళ్తాం" అని అడిగిందట. "ఏం చెప్పమంటారు మాస్టారూ?" అన్నాడు. నేను పలకకపోయేసరికి, "మొదట్లో అందరూ ఇలాగే చేస్తారండీ" అని తానే సమాధానపడబోయాడు.

తర్కశాస్త్రంలో ఇటువంటి వాక్యాన్ని ప్రతిజ్ఞ అంటారు. హేతువు, ఉదాహరణ చూపితే గాని నిలవదు. ఉదాహరణలు చరిత్రలోనే దొరకాలి కదా అని వెతకడం మొదలుపెట్టాను. దొరికినవి మీ ముందు ఉంచుతున్నాను.

ముందు మా ఊరి సంగతి. నా చిన్నతనంలో చీరల మూట భుజాన వేసుకొని ఒక వర్తకుడు వచ్చేవాడు. వచ్చీ రాగానే మూట విప్పేవాడు కాదు. అరుగు మీద కూర్చుని మంచినీళ్ళు అడిగేవాడు. అమ్మలక్కలు మాట్లాడుకుంటూ ఉంటే వినేవాడు. ఎవరి పిల్లకు సంబంధం కుదిరింది, ఎవరి కోడలికి సీమంతం, ఎవరింట కొత్త పంట డబ్బు వచ్చింది, అన్నీ ఆ గుక్కెడు నీళ్ళతోపాటే లోపలికి పోయేవి. మర్నాడు సరిగ్గా ఆ ఇంటి ముందు మూట దిగేది. ఇంత చేసినా అతణ్ణి ఎవరూ మోసగాడనలేదు. మూట అందరికీ కనబడుతూ పక్కనే ఉండేది కనుక, అతడు ఎందుకు వింటున్నాడో అందరికీ తెలుసు.

ఈ విద్యకు లోకప్రసిద్ధమైన ఉదాహరణ మూడు వందల ఏళ్ళకు పూర్వపు లండనులో ఉంది. ఆ నగరంలో మొదటి కాఫీ దుకాణం 1652లో వెలిసింది. కొద్ది కాలంలోనే కాఫీ దుకాణాలు మన రచ్చబండల వంటివైపోయాయి. అక్కడి మాటలకు రాజే భయపడ్డాడు. 1675 డిసెంబరులో రెండవ చార్లెస్ వాటిని మూసివేయమని ఆజ్ఞ జారీ చేశాడు. జనం గోల పెట్టడంతో, ఆజ్ఞ అమలులోకి రాకముందే, 1676 జనవరిలో వెనక్కు తీసుకున్నాడు.

అటువంటి దుకాణాలలో ఒకటి టవర్ వీధిలో ఎడ్వర్డ్ లాయిడ్ నడిపినది. ఆ దుకాణం పేరు మనకు మొదట కనబడేది 1689 ఫిబ్రవరిలో, లండన్ గెజెట్‌లో అచ్చయిన ఒక ప్రకటనలో. దొంగతనానికి గురైన గడియారాల ఆచూకీ తెలిసినవారు లాయిడ్ కాఫీ దుకాణంలో చెప్పవలసిందని దాని సారాంశం. అంటే అప్పటికే అది వార్తలు చేరే చోటు. రేవుకు దగ్గర కావడంతో ఓడల నాయకులు, నావికులు, సరుకు యజమానులు అక్కడ చేరేవారు. లాయిడ్ వారి మాటలు విన్నాడు. వారికి కావలసినది కాఫీ మాత్రమే కాదని గ్రహించాడు. ఏ ఓడ బయలుదేరింది, ఏది రేవు చేరింది, ఏది మునిగింది అన్న నికరమైన కబురు వారికి కావాలి. ఓడ మునిగితే నష్టం పంచుకునే మనుషులు కావాలి.

1691లో అతడు దుకాణాన్ని లొంబార్డ్ వీధికి మార్చాడు. పెద్ద తపాలా కార్యాలయం ఆ వీధిలోనే ఉండేది. 1696లో లాయిడ్స్ న్యూస్ అనే పత్రికను వారానికి మూడుసార్లు వెలువరించాడు. పార్లమెంటు వ్యవహారం ఒకటి రాసి చిక్కుల్లో పడి, 1697లో దానిని ఆపివేశాడు. అతడు స్వయంగా బీమా వ్యాపారం చేయలేదు. వినేవారికీ చెప్పేవారికీ చోటు చూపించి, కాఫీ అమ్ముకున్నాడు. 1713లో మరణించాడు. పేరు మాత్రం మిగిలింది. ఓడల రాకపోకలు తెలిపే లాయిడ్స్ లిస్ట్ 1734లో మొదలయింది. లాయిడ్స్ ఈనాటికీ ప్రపంచంలో పేరుమోసిన బీమా విపణి.

ఇక్కడే కథ ముగిస్తే నా శిష్యుడికి పనికివచ్చే భాగం తప్పిపోతుంది. అరవై డెబ్భై ఏళ్ళు గడిచేసరికి ఆ దుకాణంలో జూదం చేరింది. ఫలానా ప్రముఖుడు ఈ ఏడు దాటుతాడా లేదా అని అన్యుల ప్రాణాల మీద పందాలు కాసి, దానికి బీమా అని పేరు పెట్టారు. మర్యాదస్తులైన బీమాదారులు విసిగి, 1769లో బయటికి నడిచి కొత్త లాయిడ్స్ దుకాణం పెట్టుకున్నారు. చోటు చెడితే మాటకు విలువ ఉండదు, మాటకు విలువ లేనప్పుడు బేరమూ ఉండదు. తమకు నిజమైన సంబంధం లేని ప్రాణాల మీద బీమా చెల్లదని 1774లో పార్లమెంటు చట్టమే చేసింది.

దీనికి కొంచెం ముందు, 1766లో, లార్డ్ మాన్స్‌ఫీల్డ్ అనే న్యాయమూర్తి ఒక తీర్పు చెప్పాడు. సుమత్రా దీవిలో ఈస్టిండియా కంపెనీకి ఉన్న ఒక కోటకు చేయించిన బీమా గురించిన తగాదా అది. బేరంలో ఒకరికి మాత్రమే తెలిసిన ముఖ్య విషయాన్ని దాచి, ఎదుటివాణ్ణి ఆ తెలియనితనంతోనే బేరంలోకి దింపడం న్యాయం కాదన్న సూత్రం ఆ తీర్పుతో స్థిరపడింది. మన దేశపు 1963 నాటి సముద్ర బీమా చట్టంలోనూ ఈ పరమ విశ్వాస సూత్రం ఉంది. కాఫీ దుకాణపు కబుర్లలో పుట్టిన వ్యాపారం నిలవడానికి ఇటువంటి కట్టుబాటు కావలసివచ్చింది.

మరొక మాట కూడా చెప్పాలి. ఆ దుకాణంలో వినబడిన గొంతులన్నీ ఓడల యజమానులవి, వర్తకులవి. ఆ ఓడలలో కొన్నింట సరుకుగా తరలించబడిన ఆఫ్రికా బానిసల గొంతు అక్కడ వినబడలేదు. అట్లాంటిక్ బానిస వ్యాపారంలో తన పాత్రకు లాయిడ్స్ సంస్థ 2020 జూన్‌లో క్షమాపణ చెప్పింది. ఎవరి మాట వింటున్నామన్నది ఎంత ముఖ్యమో, ఎవరి మాట అక్కడికి చేరడం లేదన్నదీ అంతే ముఖ్యం.

ఇక కంప్యూటర్ల కాలానికి వద్దాం. యూజ్‌నెట్ మనలో పాతకాపులకు గుర్తుండే ఉంటుంది. 1979లో డ్యూక్ విశ్వవిద్యాలయ విద్యార్థులు టామ్ ట్రస్కాట్, జిమ్ ఎల్లిస్ ఊహించిన సంభాషణల వ్యవస్థ అది. ఒక్కొక్క విషయానికి ఒక్కొక్క బృందం. మన తెలుగువారికీ అక్కడొక అరుగు ఉండేది. ఆ యూజ్‌నెట్ మీద జరిగిన మూడు సంఘటనలు నా శిష్యుడి ప్రశ్నకు మూడు జవాబులు.

మొదటిది 1991 ఆగస్టు నాటిది. హైపర్‌టెక్స్ట్ గురించి చర్చించే బృందంలో ఒకరు, వేర్వేరు చోట్ల ఉన్న సమాచారాన్ని లంకెలతో అందుకునే ప్రయత్నాలు ఎక్కడైనా జరుగుతున్నాయా అని అడిగారు. ఆగస్టు 6న టిమ్ బెర్నర్స్-లీ జవాబిచ్చాడు. తాను పనిచేస్తున్న వరల్డ్ వైడ్ వెబ్ గురించి వివరించి, కలిసి పనిచేయదలచినవారికి స్వాగతం పలికాడు. నేడు మనం రాతలు రాసుకుంటున్న ఈ వెబ్ లోకానికి ఇలా పరిచయమయింది. ఆయన అమ్మలేదు నిజమే, కాని వాడేవారి కోసం వెతుకుతున్నాడు. అడిగినవారికి, అడిగిన విషయమే, తన పేరుతో చెప్పాడు.

రెండవది 1994 ఏప్రిల్ 12 నాటిది. అమెరికాలో అరిజోనాకు చెందిన న్యాయవాద దంపతులు లారెన్స్ కాంటర్, మార్తా సీగెల్ గ్రీన్‌కార్డు లాటరీకి దరఖాస్తు చేయిస్తామన్న ప్రకటనను ఐదు వేలకు పైగా బృందాలలో ఒకేసారి గుమ్మరించారు. సాదా కాగితం మీద వివరాలు రాసి తపాలాలో పంపుకుంటే సరిపోయే పనికి వీరు రుసుము అడిగారు. ఆ లాటరీలో భారతదేశంలో పుట్టినవారికి అసలు అర్హతే లేదు. వంట గురించి మాట్లాడుకునేవారి మధ్యా, గణితం గురించి మాట్లాడుకునేవారి మధ్యా ఆ ప్రకటన పడింది. కోపంతో జనం పంపిన ఉత్తరాల తాకిడికి వారికి సేవలందించే సంస్థ కంప్యూటర్లు కూలబడ్డాయి. తమకు వేయిమంది కక్షిదారులు దొరికారని, లక్ష డాలర్లు వచ్చాయని వారు చెప్పుకున్నారు. 1997లో టెనెస్సీ రాష్ట్రం కాంటర్ న్యాయవాద పట్టా రద్దు చేసింది. అందుకు చూపిన కారణాలలో ఆ ప్రకటన కూడా ఒకటి. వీరు దాచిందేమీ లేదు. పేరు చెప్పుకునే వచ్చారు. కాని ఎవరి మాటా వినలేదు.

మూడవది నా శిష్యుడికి బాగా దగ్గరది. 1997లో అమెరికాలో డీవీడీలు కొత్తగా వచ్చాయి. అదే ఏడు కాలిఫోర్నియాలో మార్క్ రాండాల్ఫ్, రీడ్ హేస్టింగ్స్ నెట్‌ఫ్లిక్స్ స్థాపించారు. డీవీడీలను తపాలాలో అద్దెకు పంపాలని వారి ఆలోచన. కాని డీవీడీ యంత్రం కొన్నవారు దేశం మొత్తంలో బహు కొద్దిమంది. వారెక్కడ ఉన్నారో ఎలా తెలియాలి? వారు మాట్లాడుకునే చోట తెలుస్తుంది. సంస్థ ఉద్యోగి ఒకరు సినిమా ప్రియులు, డీవీడీ ప్రియులు చేరే బృందాలలో ప్రవేశించి, ఓపికగా స్నేహం సంపాదించి, మెల్లగా నెట్‌ఫ్లిక్స్ మాట వారి చెవిన వేశారు. తాను ఆ సంస్థ మనిషినని చెప్పలేదు. 1998 ఏప్రిల్ 14న దుకాణం తెరిచిన రోజున తాకిడికి కంప్యూటర్లు ఆగిపోయాయి. వందకు పైగా బేరాలు వచ్చాయి. ఈ సంగతులు రాండాల్ఫ్ 2019లో ప్రచురించిన తన పుస్తకంలో తానే చెప్పుకున్నారు.

ఇది చదివినప్పుడు, నిజం చెప్పాలంటే, నా వాదం కొంత సడలింది. మూట దాచినవాడు కూడా గెలిచాడు. దాచినవాడికి శిక్ష పడి తీరుతుందని చరిత్ర చూపదు. అలా చూపుతుందని పిల్లలకు చెప్పే అలవాటు మా పంతుళ్ళకు ఉంది, దాన్ని ఈ వయసులోనైనా మానుకోవాలి. కాబట్టి "అందరూ ఇలాగే చేస్తారు" అన్నది అబద్ధం, "కొందరు ఇలా చేసి బాగుపడ్డారు" అన్నది నిజం.

అయినా ఒక భేదం ఉంది. అక్కడ ఆ ఉద్యోగికి సినిమాల మీద ప్రీతి నిజం, సరుకూ నిజం. దాచినది జీతమిచ్చేవాడి పేరు. నా శిష్యుడు లేని బడిని సృష్టించాడు, లేని అనుభవానికి సాక్ష్యం చెప్పాడు. ఆ ప్రధానోపాధ్యాయురాలు మెచ్చి కొన్నది సాఫ్ట్‌వేరును కాదు, తోటి ఉపాధ్యాయుడి మాటను. ఆ మాట చెప్పిన మనిషే లేడు.

పైగా ఇప్పుడు చెవి కూడా యంత్రమయింది. ఎక్కడ ఏ మాట వినబడినా కబురు చేసే గూగుల్ అలర్ట్స్ 2003లో వచ్చింది. ట్విట్టర్ సంభాషణలను గాలించే సమ్మైజ్ అనే సంస్థను 2008లో ట్విట్టరే కొనుక్కుంది. చీరల వర్తకుడు ఒక్క అరుగు మీద విన్నదాన్ని యంత్రం లక్ష అరుగుల మీద వినగలదు. ఇంకా ముందుకు వెళ్ళి, నేడు మనిషిలా రాయనూ గలదు. వినేవాడికి ఇంత బలం వచ్చినప్పుడు మూట కనబడేలా పెట్టుకోవలసిన బాధ్యత పెరిగిందే గాని తగ్గలేదు.

ఇదంతా వాడికి ఫోనులో చెప్పాను. "ఆమెకు నీ పేరుతో నువ్వే రాయి నాయనా. సమర్థించుకోకు. జరిగింది చెప్పు" అన్నాను. చాలాసేపు మాట్లాడలేదు. "గిరాకీ పోతుంది మాస్టారూ" అన్నాడు. "పోవచ్చు" అన్నాను. అంతకంటే ధైర్యం చెప్పడానికి నాకు నోరు రాలేదు. జీతాలు ఇవ్వవలసినది వాడు, నేను పింఛను తీసుకునేవాణ్ణి.

రాశాడు. కొన్న మూడు బడులకూ రాశాడు. అబద్ధమాడిన బృందంలోనూ తన పేరుతో ఒప్పుకున్నాడు. బృందం పెద్దలు వాణ్ణి తొలగించారు. ఒక బడి డబ్బు వెనక్కు అడిగింది, ఇచ్చేశాడు. మరొక బడి ఇంతవరకు పలకలేదు. ఆ ప్రధానోపాధ్యాయురాలు రెండు రోజులు జవాబివ్వలేదు. మూడోనాడు ఒక్క వాక్యం రాసిందట: "రశీదులో తెలుగు ఒత్తులు విడిపోయి వస్తున్నాయి, ముందు అది సరిచేయండి."

ఇప్పుడు వాడు ఆ ఒత్తుల పనిలో ఉన్నాడు. యూనికోడ్ తెలుగుతో తంటాలు పడినవారు ఈ బ్లాగు చదివేవారిలో చాలామంది ఉన్నారు. ఏదైనా కిటుకు తెలిస్తే కింద వ్యాఖ్యలో రాయండి, వాడికి అందజేస్తాను. ఎవరి కోసం అడుగుతున్నానో ముందే చెప్పేశాను కదా!