సోమవారం మౌనం, లక్ష రూపాయల రాట్నం

1947 జూన్ 2, సోమవారం. దేశ విభజన ప్రణాళికను వైస్రాయ్ మౌంట్‌బాటెన్ నాయకుల ముందు పెట్టిన రోజు. అదే రోజు గాంధీజీ కూడా ఆయనను కలిశారు. విభజనను గాంధీజీ గట్టిగా ఎదిరిస్తారేమోనని వైస్రాయ్‌కు గుబులు. కానీ గాంధీజీ నోరు విప్పలేదు. సోమవారం ఆయన మౌనదినం. చెప్పదలచుకున్నది పాత కవర్ల వెనక రాసి ఇచ్చారు.

ఆ మౌనానికి రాజకీయ అర్థాలు చెప్పేవారు చాలామంది ఉన్నారు. నన్ను ఆపింది మరొకటి. వారానికి ఒక రోజు మాట్లాడకపోవడం, కాగితం రెండో వైపు వృథా చేయకపోవడం: ఈ రెండు చిన్న అలవాట్లూ అంతటి రోజున కూడా తప్పలేదు.

గాంధీజీ యంత్రాలకు విరోధి అని మనం బడిలో చదువుకున్నాం. 1909 నాటి ‘హింద్ స్వరాజ్’ చదివితే అలాగే అనిపిస్తుంది. కానీ ఆయన నడుముకు గడియారం వేలాడేది. దేశమంతా రైలులో తిరిగారు. ప్రార్థన సభల్లో మైకులో మాట్లాడారు. 1924లో ఒక సంభాషణలో కుట్టు మిషన్‌ను ప్రత్యేకంగా మెచ్చుకున్నారు. చేత్తో కుడుతూ భార్య పడే అవస్థ చూడలేక సింగర్ దాన్ని తయారు చేశాడని, దాని వెనక ప్రేమ ఉందని ఆయన భావన.

ఇంజనీరుగా నాకు బాగా నచ్చిన ఘట్టం 1929 నాటిది. మెరుగైన రాట్నం తయారు చేసినవారికి లక్ష రూపాయల బహుమతి ప్రకటించారు. ఆ షరతులు చూడండి. పల్లెటూరి ఇంట్లో చేత్తోనో కాలితోనో తిప్పగలగాలి. ఆడవారు 8 గంటలు పెద్దగా అలసిపోకుండా పనిచేయగలగాలి. ఆ 8 గంటల్లో 12 నుంచి 20 కౌంట్ల నూలు 16,000 గజాలు రావాలి. ధర 150 రూపాయలు దాటకూడదు. 20 ఏళ్లు పనిచేయాలి. ఏటా మరమ్మతు ఖర్చు ధరలో 5 శాతం మించకూడదు.

ఎన్నో టెండరు పత్రాలు చదివిన నాకు ఇందులో ఒక్క గాలిమాట కనిపించలేదు. ఎవరు వాడతారు, ఎక్కడ వాడతారు, ఎంత అలసిపోతారు, చెడితే ఖర్చెంత అనేవి యంత్రం కంటే ముందే తేల్చుకున్నారు. ఆ బహుమతి ఎవరికీ దక్కలేదు. అయినా ప్రయత్నం ఆగలేదు. ఎరవాడ జైలులో ఉండగా పెట్టెలో ఇమిడే రాట్నానికి గాంధీజీ మెరుగులు దిద్దారు.

1947 నవంబర్ 12, దీపావళి. కురుక్షేత్ర శిబిరంలో ఉన్న శరణార్థుల దగ్గరకు వెళ్లే వీలు లేక, ఆయన ఢిల్లీ రేడియో కేంద్రానికి వెళ్లి వారితో మాట్లాడారు. ఆ కేంద్రానికి ఆయన వెళ్లింది ఆ ఒక్కసారే. అవసరం వచ్చింది, దానికి తగిన యంత్రాన్ని వాడుకున్నారు.

ఇదంతా ఇక్కడ రాయడానికి కారణం ఉంది. రెండేళ్ల కిందట మా బ్యాచ్ మిత్రుడొకడు వాట్సాప్ గ్రూపులో, మర్నాడు తనకు ఆపరేషన్ అని రాశాడు. శుభోదయం బొమ్మలతో పాటు ఆ కబురునూ నేను వేలితో పైకి తోసేశాను. నాలుగు రోజుల తర్వాత ఇంకొకరు చెబితే తెలిసింది. పరుగున వెళ్లాను. “చదివినట్టు చూపించిందిరా, ఫోన్ చేస్తావనుకున్నా” అన్నాడు. ఆ మాటలో నిష్ఠూరం లేదు. అందుకే ఎక్కువ గుచ్చుకుంది.

ఆ రాత్రి నా ఫోనుకు షరతులు రాసుకున్నాను. మనుషులు పిలిస్తేనే మోగాలి, మిగతా మోతలన్నీ బంద్. భోజనం దగ్గరా పడకగదిలోనూ దానికి చోటు లేదు. ప్రతి ఆదివారం సాయంత్రం ఒక మిత్రుడితోనో, ఒక మాస్టారితోనో నోరారా మాట్లాడాలి. మొదటి రెండూ అప్పుడప్పుడు తప్పుతూనే ఉన్నాను. మూడోది మాత్రం ఇంతవరకు తప్పలేదు. ఆ మిత్రుడు కోలుకున్నాడు. మొదటి ఆదివారం వాడికే ఫోన్ చేశాను.

మన గురువులు చాలామంది ఇప్పుడు ఎనభైకి అటూ ఇటూ ఉన్నారు. వారికి ఫార్వర్డ్ చేసిన బొమ్మలు అక్కర్లేదు. “మాస్టారూ, నేనండీ” అన్న పిలుపు చాలు.