నాగావళి యెగువ కొండలలో వానయు వ్యాధియు

ఇప్పటి కోరాపుట్, రాయగడ జిల్లాలు 1936 ఏప్రిల్ 1వ తేదీన ఒరిస్సా రాష్ట్ర మేర్పడువరకు చాలవరకు విశాఖపట్టణము జిల్లా ఏజెన్సీలోనివి. జయపుర సంస్థానపు భూములు. రాయగడ 1992లో ప్రత్యేక జిల్లా యైనది. పాలన మారినను నీటి పల్లము మారలేదు. నాగావళి ఆ కొండల మీదుగానే వచ్చి శ్రీకాకుళపు పొలములను తడుపుచున్నది. ఎగువ కురిసిన వాన మనకు వరదగా తెలియును. అచ్చటి గిరిజనులకు తరచుగా వ్యాధిగా తెలియును.

ఇందులకు 2007వ సంవత్సరపు కలరాయే సాక్ష్యము. ఆ యేటి వానకాలమున రాయగడ జిల్లాలోని కాశీపురము, కోరాపుట్ జిల్లాలోని దశమంతపురము ప్రాంతములలో వాంతులు, విరేచనములు ప్రబలి, పొరుగునగల కలహండిలోనికిని వ్యాపించెను. మూడు జిల్లాలలో కలిపి నూరుమందికి మించి మరణించిరి. భువనేశ్వరమునందలి ప్రాంతీయ వైద్య పరిశోధన కేంద్రమువారు పరీక్షలు జరిపి, ఇది కలరా క్రిమియే యని నిర్ధారించిరి. వానకు కొండవాలుల మాలిన్యము వాగులలోనికి, చెలమలలోనికి దిగును. త్రాగు నీరును అదియే. ఇట్టి విపత్తునకు తుపానులకు వలె పేరు లేదు, తేదీయు లేదు.

కలరా రోగి దేహమునుండి నీరు, లవణములు కొన్ని గంటలలోనే తరలిపోవును. 1971లో బంగ్లాదేశ్ కాందిశీకులకు బనగాఁవ్‌లో చికిత్స చేయుచున్న డాక్టరు దిలీప్ మహలనబీసు, సెలైను చాలకపోగా, ఉప్పు, గ్లూకోజు కలిపిన నీటిని త్రాగించెను. మరణములు నూటికి సుమారు 30 నుండి 4 లోపునకు తగ్గినవి. తీపి తోడైనచో ప్రేవులు ఉప్పును, దానివెంట నీటిని పీల్చుకొనును. ఇంట చేయుటకు ఒక లీటరు శుభ్రమైన నీటికి ఆరు చిన్న చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు చాలును. చెంచాలు తలకొట్టి కొలువవలెను. వ్యాధికాలమును తగ్గించు టెట్రసైక్లిన్ జాతి మందులలో మొదటిదగు ఆరియోమైసిన్, మన భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారి పర్యవేక్షణలో లెడర్లీ ప్రయోగశాలయందే వెలువడినది. అయినను ప్రాణము నిలుపునది ముందుగా నీరే.

ఇంత సులభమైన చికిత్స యుండగా అంతమంది యేల మరణించిరి? నా యభిప్రాయమున అచ్చట కొరవడినది మందుకంటె కాలము. డోలీలో మోసికొని కొండ దిగులోపలనే రోగి నాడి జారిపోవును. డేనిష్ వైద్యురాలు ఎలిజబెత్ మాడ్సెన్ 1954లో బిస్సంకటక్‌లో స్థాపించిన ఆసుపత్రి విలువ ఇచ్చటనే తెలియును: అది కొండల నడుమ నున్నది. పెద్ద చికిత్స కావలసినవారు చిరకాలముగా విశాఖ కింగ్ జార్జి ఆసుపత్రికి దిగివచ్చుచుండిరి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను ఆ నగరమునే తాకి, పిదప కొండలమీదికి సాగెను. ఆపదయు, ఆశ్రయమును ఒకే త్రోవలో నున్నవన్నమాట. 2017 జూలైలో కల్యాణసింగుపుర ప్రాంతమున వరదకు వంతెనలు కొట్టుకొనిపోగా అసలు త్రోవయే లేకపోయెను.

ఆ 2017లోనే కోరాపుట్‌లో లక్ష్మణ నాయకుని పేర వైద్య కళాశాల తెరువబడినది. కాశీపురపు కొండగ్రామములనుండి అచ్చటికి ప్రయాణమును మాత్రము ఇప్పటికిని గంటలతోనే లెక్కింపవలెను.