పూర్ణాంక ఘాత ప్రమేయము

ఒక పూర్ణాంకమును భూమిగాను, మఱియొక పూర్ణాంకమును ఘాతాంకముగాను గ్రహించి, వాని ఘాతమును లేశమైనను దోషము లేక పూర్ణాంకముగనే ఒసగు ప్రోగ్రామింగ్ ప్రమేయమునకు ఈ పేరు. భూమిని వరుసగా గుణించుచు పోయినను ఫలము సిద్ధించును గాని, ఘాతాంకము 1000 అయినచో అందులకు 999 గుణకారములు వలయును. ఘాతాంకమును ద్విసంఖ్యామానమున వ్రాసి, మొదటి అంకెను విడిచి, తక్కిన ప్రతి అంకెకును అంతవఱకు వచ్చిన ఫలమును వర్గము చేయుచు, ఆ అంకె 1 అయినచోట మాత్రము భూమితో మరల గుణించినచో, 14 గుణకారములతోనే కార్యము ముగియును.

ఈ వర్గక్రమము కంప్యూటరు యుగమున పుట్టినది కాదు. వృత్తమునందలి గురులఘు భేదముల సంఖ్యను తెలియుటకై పింగళుడు ఛందశ్శాస్త్రమున దీనిని సూత్రించెను. 10వ శతాబ్ది వ్యాఖ్యాత హలాయుధుడు దానిని విశదపఱచెను. గాయత్రీ పాదమునకు వలె ఆఱక్షరములున్నవనుకొందము: 6 సరిసంఖ్య గనుక సగము చేసి రెండు గుర్తును, మిగిలిన 3 బేసి గనుక ఒకటి తీసివేసి సున్నను, 2ను సగము చేసి మరల రెండును, 1 నుండి ఒకటి తీసి సున్నను ఉంచవలెను. పిమ్మట 1తో ఆరంభించి కడనుండి వెనుకకు వచ్చుచు, సున్న యున్నచోట ద్విగుణము, రెండున్నచోట వర్గము చేయగా 2, 4, 8, 64 అని ఫలము వచ్చును. ఛందస్సు నభ్యసించిన తెలుగువారికి సుపరిచితమైన ప్రస్తారమునకు ఇది సోదరశాస్త్రము. గణితచరిత్ర చెప్పువారు దీనిని విస్మరించుట తగదు.

ఇదియే సర్వదా కనిష్ఠమార్గమనరాదు. 15వ ఘాతమునకు వర్గక్రమమున 6 గుణకారములు పట్టగా, ఘనమును కనుగొని దాని 5వ ఘాతమును తీసినచో 5 చాలును.

సి భాషయందలి పౌ ప్రమేయము దశాంశసంఖ్యలకై ఏర్పడినది. సామాన్యముగా అది వాడు డబుల్ రూపమున 53 బిట్ల సూక్ష్మతయే ఉండుటచేత, 3 యొక్క 34వ ఘాతమే అందు యథాతథముగ ఇమడదు. పూర్ణాంకముతోనే గణించినను, చిహ్నరహితమైన 64 బిట్లలో 3 యొక్క 40వ ఘాతము పట్టును, 41వది పొంగిపొరలును. పైథాన్ భాషయందు పూర్ణాంకమునకు ఇట్టి స్థిరపరిమితి లేదు.

ఋణ ఘాతాంకము విషయమున భాషలు ఏకీభవింపవు: 2 యొక్క −1వ ఘాతమునకు ఫోర్ట్రాన్ సున్నను, పైథాన్ 0.5ను ఇచ్చును, ఏడా భాష దోషమని ప్రకటించును. పూర్ణాంకమునే ఇత్తునని మాట యిచ్చిన ప్రమేయమునకు ఏడా మార్గమే న్యాయ్యము.