తల యను తెలుగు మాట

దేహమున శిరస్సు ప్రధానమని చెప్పనక్కరలేదు. దానికి మన పూర్వులు పెట్టిన రెండక్షరముల పేరు మన సంసారములలో నెంత పని చేయుచున్నదో మాత్రము విచారించువారు తక్కువ. స్వరాష్ట్రమునకు వెలుపల తరతరములుగా నున్న మనకు ఈ విచారణ మరింత యవసరమని మా యభిప్రాయము.

'తల' సంస్కృతమునుండి వచ్చిన మాట కాదు. తమిళులు 'తలై' యనియు, కన్నడిగులు 'తలె' యనియు, మలయాళులు మనవలెనే 'తల' యనియు నందురు. ఈ భాషల చుట్టరికమును 1816లో క్యాంబెల్ దొర తెలుగు వ్యాకరణమునకు వ్రాసిన పీఠికలో ఎల్లిస్ దొర చూపెను. 1856లో కాల్డ్వెల్ దానిని విస్తరించి గ్రంథముగా వెలువరించెను.

అయితే ఒకే మాట ఒక్కొక్క యింట నొక్కొక్క త్రోవను బోయినది. కొడగులో కావేరి పుట్టుచోటు 'తలకావేరి'. అక్కడ తల యనగా మొదలు. తమిళులు నాయకుని 'తలైవర్' అనియు, రాజధానిని 'తలైనగరం' అనియు నందురు. మనము ఆ రెంటికిని సంస్కృతపదములను గైకొంటిమి. బళ్ళారి, బెంగుళూరు బడులలో మన పిల్లలు వ్యాసము పేరును 'తలెబరహ' యని నేర్తురు. ఇంటికి వచ్చి అవ్వ నోట 'తలవ్రాత' యని వినిన, అది బ్రహ్మ వ్రాసినది! ఆ యర్థమున కన్నడిగుల మాట 'హణెబరహ'. ఇక ఒడిశాలో తలను 'ముండొ' యందురు. మన 'మొండెము' తల లేని దేహము.

మన వలసల చరిత్ర కూడ ఈ మాటలోనే యిమిడియున్నది. తలదాచుకొనుట, తలయెత్తుకొనుట యని రెండు పలుకుబళ్ళు కలవు. విజయనగర ప్రభువుల కాలమున దక్షిణమునకు వచ్చి నిలిచినవారు మొదటిదానితో నారంభించి రెండవదానికి జేరిరి. తంజావూరి రఘునాథనాయకుడు తానే తెలుగు కవి. కొందరైతే ఇల్లు కదలకయే రాష్ట్రము మారినవారు: 1936 ఏప్రిల్ 1న బరంపురము ఒరిస్సాలోను, 1953 అక్టోబరు 1న బళ్ళారి మైసూరులోను జేరినవి.

జీవితమెల్ల కచ్చేరీ లెక్కలలో 'తలకింత' యని వ్రాసిన మాకు, ఇంటిలోని తల వేరని తెలియును. పండుగనాడు తలంటు. పెండ్లిలో తలంబ్రాలు. కడపటి దినమున తలకొరివి. 'ప్రాలు' అనగా బియ్యము. వాడుకలో నా మాట యెన్నడో పోయినది; వధూవరుల తలలపై బోయుటవలన పెండ్లిపందిరిలో మిగిలినది. ఆచారము మాటను గాపాడినదన్నమాట. కాని ఆచార ముండియు మాట జారిపోవుట నేడు చూచుచున్నాము. తలంటును 'ఎణ్ణెయ్ కుళియల్' అను పిల్లలు తమిళనాట మన యిండ్లలోనే కలరు. పొరుగుభాష రానివారు బ్రదుకలేరు. ఆ పిల్లలను నిందింప బనిలేదు. రెండు పేర్లును వారికి దెలియవలెనన్నదే మా కోరిక.

మరియొక తల కలదు. నన్నయ కాలమున తెలుగు కన్నడములకు లిపి యించుమించు ఒక్కటే. 19వ శతాబ్దమున అచ్చు వ్యాపించిన పిదప రెంటి రూపములు వేరుగా స్థిరపడినవి. అక్షరము నెత్తిన నుండు గీతను ఇరువురమును 'తలకట్టు' అనియే యందుము. మనది పైకి లేచును, వారిది అడ్డముగా సాగును. తెలుగు మాటలాడియు ఆ గీత గీయనేరని బిడ్డలు మనలో హెచ్చుచున్నారు.

తలిదండ్రులకు మా విన్నపము స్వల్పము. వచ్చు పండుగకు పిల్లవానిని బీటపై గూర్చుండబెట్టి తల కంటునపుడు, అది 'తలంటు' అని చెప్పుడు. సాయంకాలము ఆ మూడక్షరములను వానిచేత పలకపై వ్రాయింపుడు.